స్కాన్‌లో ఏమీ లేదన్నారు, మరి ఆసుపత్రిలో ఎందుకు ఉంచుతున్నారు?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా పాపకు ఆరేళ్లు, బరువు 17 కిలోలు. పుట్టినప్పటి నుంచి గుండెలో చిన్న రంధ్రం ఉంది, వీఎస్‌డీ అన్నారు, ఆపరేషన్ అక్కర్లేదు, దానంతట అదే మూసుకుపోవచ్చని చెప్పారు. మూడు వారాలుగా జ్వరం వచ్చి పోతోంది. రెండుసార్లు యాంటీబయాటిక్ సిరప్ వాడాం. వాడినన్నాళ్లూ తగ్గుతుంది, ఆపిన మూడో రోజుకు మళ్లీ మొదలు. తిండి తగ్గింది, ఆటలు మానేసింది. నిన్న రాత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్తే అక్కడి డ్యూటీ డాక్టరు, చాలా చిన్న వయసు అమ్మాయి, మంచం దగ్గరికే చిన్న మిషన్ తెచ్చి గుండె స్కాన్ చేసింది. "పంపింగ్ బాగుంది, గుండె చుట్టూ నీరు లేదు, వాల్వుల మీద నాకైతే ఏమీ కనబడలేదు" అంది. హమ్మయ్య అనుకునేలోపే "కానీ గుండెలో ఇన్ఫెక్షన్ ఉందేమోనని అనుమానం, అడ్మిట్ చేయాలి" అంది. మూడు చోట్ల పొడిచి మూడుసార్లు రక్తం తీశారు, మందు మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు. స్కాన్ క్లియర్‌గా ఉంటే ఇంకేంటి, ఇంటికి వెళ్దాం, లేదా ఇంకోచోట పెద్ద స్కాన్ చేయిద్దాం అని మావారు, మా బావగారు అంటున్నారు. అంత చిన్న డాక్టరు మాట నమ్మొచ్చా? జెల్ చల్లగా ఉందని పాప బాగా ఏడ్చింది, మళ్లీ మళ్లీ స్కాన్ చేస్తే ప్రమాదం ఏమైనా ఉందా? ఇంకొకటి, దీనికి సంబంధం లేదేమో గానీ, నెలన్నర క్రితం పాపకు పన్ను పుచ్చి చిగుళ్లు వాచాయి, తర్వాత తగ్గిపోయింది.

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరం చదివిన వెంటనే ఒక్క ముక్క జవాబు పంపాను, ఆసుపత్రి నుంచి కదలొద్దని. అది అందే ఉంటుంది. ఎందుకు అలా అన్నానో ఇప్పుడు వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే మీవారు, బావగారు నా మాట మీద గౌరవంతో ఆగడం కన్నా సంగతి అర్థమై ఆగడం మంచిది. కారణం తెలియకుండా ఆగినవాళ్లు రెండో రోజు పొద్దున పాపకు జ్వరం లేకపోతే చాలు, సంచి సర్దేస్తారు.

ముందు అసలు విషయం చెప్పేస్తాను. మంచం పక్కన చేసే ఆ చిన్న స్కాన్‌లో వాల్వు మీద ఏదైనా కనబడితే అది పెద్ద వార్త. కనబడకపోతే మాత్రం అది వార్తే కాదు. "ఏమీ కనబడలేదు" అనే మాటకు "ఏమీ లేదు" అని అర్థం చెప్పుకున్నది మీరు, ఆ డాక్టరు కాదు. మీ ఉత్తరంలో ఆవిడ మాటలు మళ్లీ చదవండి. పంపింగ్ గురించి, నీటి గురించి గట్టిగా చెప్పింది, వాల్వుల దగ్గరికి వచ్చేసరికి "నాకైతే" అంది. ఆ ఒక్క పదంలో ఆవిడ చదువంతా ఉంది.

గుండె ఇన్ఫెక్షన్ అని అందరం ఒకే పేరుతో పిలుస్తాం గానీ అది ఒక జబ్బు కాదు. గుండెకు మూడు పొరలు. బయట సంచిలాంటి పొర, మధ్యలో కండరం, లోపల నున్నటి అస్తరు లాంటి పొర, వాల్వుల మీద కూడా పరుచుకుని ఉండేది ఈ లోపలి పొరే. ఇన్ఫెక్షన్ ఏ పొరలో ఉందో దాన్ని బట్టి జబ్బు వేరు, మందు వేరు, ఆ చిన్న మిషన్ చూపించగలిగేదీ వేరు. బయటి సంచిలో నీరో చీమో చేరితే అది గుండె చుట్టూ నల్లటి పట్టీలా కనబడుతుంది, శిక్షణ పొందిన ఎమర్జెన్సీ డాక్టరు దాన్ని వదిలేయడం అరుదు. నీరు ఎక్కువై గుండెను నొక్కేస్తుంటే పక్కనే సూది పెట్టి తీయడానికి కూడా అదే మిషన్ దారి చూపిస్తుంది. ఈ పనిలో దానికి సాటి లేదు.

మధ్య పొర, అంటే కండరం. దీని గురించి నా సొంత కథ ఒకటి చెప్పాలి, కొంచెం పక్కకు పోతున్నాను, ఓపిక పట్టండి. నా ఉద్యోగం తొలి రోజుల్లో, ఏ ఆసుపత్రి అన్నది వదిలేద్దాం, రాత్రి డ్యూటీలో ఏడేళ్ల బాబును తెచ్చారు. రెండు రోజులుగా వాంతులు, కడుపునొప్పి, నీరసం, గుండె నిమిషానికి 160 సార్లు కొట్టుకుంటోంది. వాంతులతో ఒంట్లో నీరు పోయింది, అందుకే గుండె వేగం అనుకున్నాను, ఎవరైనా అలాగే అనుకుంటారు. కిలోకు 20 మిల్లీలీటర్ల లెక్కన సెలైన్ ఎక్కించాను. నీరు పోవడమే కారణమైతే సెలైన్ ఎక్కాక గుండె వేగం తగ్గాలి. తగ్గకపోగా పెరిగింది, ఆయాసం మొదలైంది. నేను రెండో విడత పెట్టమని రాస్తుంటే వార్డులో పెద్ద నర్సమ్మ నా పక్కకొచ్చి నెమ్మదిగా అడిగింది: "సార్, కాలేయం ఎంత కిందికి తగులుతోందో చూశారా?" చూడలేదు. చెయ్యి పెడితే పక్కటెముకల కింద మూడు వేళ్ల మందం తగిలింది. గుండె సరిగ్గా పిండకపోతే రక్తం వెనక్కి నిలిచి కాలేయం అలా ఉబ్బుతుంది. బాబుకు కడుపులో ఇన్ఫెక్షన్ కాదు, గుండె కండరానికి వైరస్ వల్ల వాపు, మయోకార్డైటిస్. సరిగ్గా పిండలేని గుండె మీద నేను ఇంకా నీళ్లు పోశాను. బాబు ఐసీయూలో చాలా రోజులుండి బతికాడు, అది నా అదృష్టం కూడా. పిల్లల్లో ఈ జబ్బు గుండె జబ్బులా కాకుండా వాంతులు, దగ్గు, కడుపునొప్పి వేషంలో వస్తుంది, కాక్సాకీ, అడినో, పార్వో లాంటి మామూలు వైరస్‌లే దీనికి కారణం. ఆ రాత్రి నా దగ్గర మంచం పక్కకు తెచ్చుకునే మిషన్ ఉండుంటే, గుండె ఎడమ గది బద్ధకంగా కదలడం నాకు రెండు నిమిషాల్లో కనబడేది, సెలైన్ ఆపేసేవాణ్ణి. అందుకే ఆ మిషన్ మీద నాకు గౌరవం ఎక్కువ, దాన్ని చిన్నచూపు చూడడానికి ఇదంతా రాయడం లేదు. మీ డాక్టరు అన్నిటికంటే ముందు పంపింగ్ చూసింది అంటే, పాపకు ఈ రాత్రి ఏ ప్రమాదం ఉండొచ్చో దాన్ని ముందు తేల్చుకుందన్నమాట. ఒక్క జాగ్రత్త, మయోకార్డైటిస్‌లో కూడా మొదటి రోజుల్లో పంపింగ్ మామూలుగానే కనబడే పిల్లలుంటారు, అందుకే ఈసీజీ, ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష కూడా తోడుగా చేస్తారు.

ఇక లోపలి పొర, మీ పాప విషయంలో అందరి అనుమానం దాని మీదే. ఎండోకార్డైటిస్ అంటారు.

ఇది ఎలా వస్తుందో చెప్తే మీ ఉత్తరంలో చివర "సంబంధం లేదేమో గానీ" అని రాసిన వాక్యమే ఎందుకు నన్ను కుర్చీలోంచి లేపిందో మీకు తెలుస్తుంది. గుండె కింది రెండు గదుల మధ్య గోడకు రంధ్రం ఉంటే, ఒత్తిడి ఎక్కువున్న ఎడమ గది నుంచి కుడి గదిలోకి రక్తం చిమ్ముతుంది. రంధ్రం చిన్నదైతే ప్రమాదం తక్కువ అనుకుంటాం, ఊపిరితిత్తుల మీద భారం విషయంలో అది నిజమే, కానీ చిన్న రంధ్రంలోంచి వచ్చే ధార వేగంగా వస్తుంది, గొట్టం మూతికి వేలు అడ్డం పెడితే నీళ్లు ఎలా చిమ్ముతాయో అలా. ఆ ధార రోజుకు లక్షకు పైగా సార్లు ఎదుటి గోడకో పక్కనున్న వాల్వుకో తగిలి అక్కడి నున్నటి పొరను గరుకు చేస్తుంది. గరుకైన చోట రక్తకణాలు, రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రిన్ పోగులు సన్నటి గడ్డలా అంటుకుంటాయి. ఇంతవరకు సూక్ష్మజీవి లేదు, జబ్బూ లేదు. ఇప్పుడు పుచ్చిన పన్ను నుంచి, వాచిన చిగుళ్ల నుంచి నోట్లో మామూలుగా బతికే స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా రక్తంలోకి వెళ్తుంది. మిగతా పిల్లల్లో అది కాసేపు తిరిగి చచ్చిపోతుంది. మీ పాప గుండెలో దానికి దిగడానికి రేవు దొరుకుతుంది. గడ్డలో దూరి, పైన ఇంకో పొర కప్పుకుని, మన తెల్లకణాలకు అందకుండా పెరుగుతుంది. అలా పెరిగిన ముద్దను వెజిటేషన్ అంటారు, ఎవరు పెట్టారో ఆ పేరు, కూరగాయలతో ఏ సంబంధమూ లేదు, బండకు పట్టిన నాచును ఊహించుకోండి.

యాంటీబయాటిక్ సిరప్ వాడినన్నాళ్లూ జ్వరం తగ్గి, ఆపగానే తిరిగి రావడం కూడా ఇందులోంచే అర్థమవుతుంది. సిరప్ రక్తంలో తిరిగే బ్యాక్టీరియాను చంపుతుంది, ముద్ద లోపల దాక్కున్నదాన్ని చంపలేదు. మందు ఆపగానే అది మళ్లీ బయటికి. గుండెలో రంధ్రం ఉన్న పిల్లకు, కారణం తెలియని జ్వరం, యాంటీబయాటిక్‌తో తగ్గి ఆపితే తిరగబెడుతుంటే, స్కాన్ మిషన్ కనిపెట్టకముందు కూడా డాక్టర్లు ఈ జబ్బునే అనుమానించేవారు. అనుమానానికి మిషన్ అక్కర్లేదు.

సరే, మరి ఉంటే కనబడాలి కదా, ఎందుకు కనబడదు?

కొన్ని కారణాలు మిషన్‌వి, కొన్ని మనిషివి, కొన్ని జబ్బువే. ముద్ద మొదట్లో రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది, ఒక్కోసారి అంత కూడా ఉండదు. అది గోడకు అతుక్కుని కదలకుండా ఉండదు, వాల్వు రెప్పతో పాటు ఎగురుతూ ఉంటుంది. జ్వరంలో ఉన్న పాప గుండె నిమిషానికి 120 సార్లు కొట్టుకుంటే ఒక్కో చప్పుడుకు అర సెకను, ఆ అర సెకనులో ఆ చుక్క వచ్చి పోతుంది. గుండె డాక్టరు వాడే పెద్ద ఎకో మిషన్‌లో, ఎకో అంటే శబ్దంతో చేసే గుండె స్కానే, పిల్లల కోసం ప్రత్యేకంగా చేసిన ప్రోబ్‌లు, అంటే ఛాతీ మీద ఆనించే పరికరాలు, ఉంటాయి, ఎక్కువ ఫ్రీక్వెన్సీవి, లోతు తక్కువ చూస్తాయి గానీ స్పష్టంగా చూస్తాయి. చేతిలో ఇమిడే మిషన్లు చాలావరకు పెద్దవాళ్ల ఛాతీని, కడుపును, ఊపిరితిత్తులను అన్నిటినీ ఒకే ప్రోబ్‌తో చూడ్డానికి చేసినవి, కాబట్టి చిన్న వాటిలో రాజీ పడతాయి. ఇక మనిషి వైపు నుంచి చూస్తే, ఎమర్జెన్సీ డాక్టరుకు నేర్పేది నాలుగైదు ప్రశ్నలకు జవాబు వెతకడం: గుండె బాగా పిండుతోందా, చుట్టూ నీరుందా, ఏదైనా గది బాగా ఉబ్బిందా, రక్తనాళాల్లో నీరు తక్కువైందా. అయిదు నిమిషాల పని. గుండె డాక్టరు చేసే పూర్తి ఎకో అరగంట నుంచి గంట పడుతుంది, ప్రతి వాల్వునూ రెండు మూడు కోణాల్లో చూస్తారు, రంగుల డాప్లర్‌తో రక్తం ఎటు లీకవుతోందో చూస్తారు, రికార్డు చేసి నెమ్మదిగా వెనక్కి తిప్పి చూస్తారు. 2020లో యూరప్ పిల్లల ఐసీయూ నిపుణులు మంచం పక్క స్కాన్ మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా పంపింగ్, నీరు లాంటివాటికి దాన్ని వాడమన్నారు గానీ, పుట్టుకతో వచ్చే గుండె లోపాల్ని తేల్చడానికి పైస్థాయి ఎకో శిక్షణ లేకుండా వాడొద్దన్నారు. లోపమున్న గుండెలో లోపం పక్కనే దాక్కున్న చుక్కను వెతకడం అంతకంటే కష్టం అని వేరే చెప్పాలా.

దీనికి రెండో వైపు కూడా ఉంది, చాలామంది చెప్పరు. లేనిది కనబడడం. గుండె కుడి పై గదిలో కొందరు పిల్లలకు సన్నటి వలలాంటి పొర, పుట్టకముందు రక్తాన్ని దారి మళ్లించిన రెప్ప తాలూకు మిగులు, అలాగే ఊగుతూ ఉండిపోతుంది. దాని వల్ల ఏ హానీ లేదు. కానీ తొందరలో చూసే కంటికి అచ్చం వెజిటేషన్‌లా కనబడుతుంది. వాల్వును పట్టి ఉంచే తాళ్లు, కుడి గదిలో అడ్డంగా పోయే కండరపు పట్టీ, ఇవి కూడా మోసం చేస్తాయి. అందుకే చిన్న స్కాన్‌లో ఏదో కనబడిందని డాక్టరు చెప్పినా అది "గుండె డాక్టరును ఇప్పుడే పిలవాలి" అని అర్థమే గానీ తీర్పు కాదు. అయినా సరే కనబడడం విలువైనదే, రేపు మధ్యాహ్నం జరగాల్సిన ఎకో ఈ రాత్రే జరుగుతుంది.

మీ పాప విషయంలో ఒక అనుకూలం ఉంది. పిల్లల ఛాతీ పలచన, కాబట్టి పైనుంచి చేసే మామూలు పూర్తి ఎకోలోనే పెద్దవాళ్లకంటే చాలా బాగా కనబడుతుంది. పెద్దవాళ్లకు తరచూ చేసినట్టు గొంతులోంచి గొట్టం దింపి చేసే ఎకో పిల్లలకు అంత తరచుగా అక్కర్లేదు, కృత్రిమ వాల్వు ఉన్నప్పుడో, పైనుంచి చిత్రం సరిగ్గా రానప్పుడో, వాల్వు మొదట్లో చీము గూడు కట్టిందని అనుమానం వచ్చినప్పుడో మత్తు ఇచ్చి చేస్తారు. పూర్తి ఎకోలో కూడా మొదటిసారి ఏమీ కనబడకపోవచ్చు. అనుమానం బలంగా ఉంటే అయిదు నుంచి ఏడు రోజుల తర్వాత మళ్లీ చేస్తారు, ఈలోపు పరిస్థితి మారితే ఇంకా ముందే చేస్తారు. కాబట్టి రేపు పెద్ద ఎకో కూడా "క్లియర్" అని వస్తే మీ ఇంట్లో మళ్లీ ఇదే గొడవ మొదలవుతుంది, ఇప్పుడే చెప్తున్నాను.

బావగారి పెద్ద స్కాన్ సంగతి: సీటీ, ఎంఆర్‌ఐ పెద్దవే, కానీ ఎగురుతున్న రెండు మిల్లీమీటర్ల చుక్కను పట్టడంలో ఎకోయే ముందుంటుంది. కండరం వాపు అనుమానం ఉన్నప్పుడు ఎంఆర్‌ఐ బాగా పనికొస్తుంది, అది మీ ప్రశ్న కాదు.

ఇప్పుడు రక్తం. నన్నడిగితే నిన్న రాత్రి పాపకు జరిగినవాటిలో అన్నిటికంటే విలువైనది స్కాన్ కాదు, ఆ మూడు పొడుపులే. ఈ జబ్బులో బ్యాక్టీరియా రక్తంలో ఎడతెగకుండా పారుతూ ఉంటుంది, కాబట్టి రక్తాన్ని పోషకాలున్న సీసాలో వేసి వెచ్చగా ఉంచితే పెరిగి బయటపడుతుంది, అదే బ్లడ్ కల్చర్. ఒకటి ఎందుకు చాలదంటే, చర్మం మీద ఉండే అమాయకపు బ్యాక్టీరియా సూదితో పాటు సీసాలోకి జారిపోవచ్చు. ఒక సీసాలో పెరిగితే అది చర్మానిదా గుండెదా అని వాదించుకోవాలి. మూడు వేర్వేరు చోట్ల తీసినవాటిలో రెండింటిలోనో మూడింటిలోనో ఒకే బ్యాక్టీరియా పెరిగితే ఇక వాదన లేదు. రక్తం ఎక్కువ తీశారని మీకు బాధ ఉన్నట్టుంది, లెక్క చెప్తాను. చిన్నపిల్లలకు ఒక్కోసారి 1 నుంచి 3 మిల్లీలీటర్లు, కాస్త పెద్ద పిల్లలకు 5 నుంచి 7 తీస్తారు. 17 కిలోల పాప ఒంట్లో సుమారు 1300 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. మూడుసార్లు అయిదేసి తీసినా 15, అంటే వందలో ఒక వంతు పైచిలుకు. తక్కువ తీస్తేనే ప్రమాదం, బ్యాక్టీరియా దొరకదు.

మందు ఎందుకు మొదలుపెట్టలేదన్న కోపం మీకే కాదు, ప్రతి తల్లికీ వస్తుంది. కానీ చూడండి, కల్చర్‌లో బ్యాక్టీరియా పెరగకపోవడానికి ముఖ్యమైన కారణం అంతకుముందే యాంటీబయాటిక్ పడి ఉండడం. మీ పాపకు ఇప్పటికే రెండు కోర్సులు పడ్డాయి. ఇప్పుడు రక్తం తీయకముందే మూడోది ఎక్కిస్తే ఆ బ్యాక్టీరియా ఎవరో తెలిసే అవకాశం ఇంకా తగ్గిపోతుంది, ఎవరో తెలియకపోతే ఏ మందు ఎన్ని వారాలు అన్నది ఊహే. పిల్ల నిలకడగా ఉంటే, మొదటి కల్చర్లలో ఏమీ రాకపోతే, ఇంకొన్ని తీయడం కోసం రెండు రోజులు లేదా అంతకు మించి మందు ఆపి చూడడం కూడా ఒప్పుకున్న పద్ధతే. పిల్ల కళ్లు తేలేస్తుంటే, బీపీ పడిపోతుంటే ఎవరూ అలా కూర్చోరు, వెంటవెంటనే రక్తం తీసి మందు ఎక్కించేస్తారు. నిన్న మీ పాప పంపింగ్ బాగుంది, చుట్టూ నీరు లేదు అని తేలింది కాబట్టే ఆవిడకు ఆగే ధైర్యం వచ్చింది. చూశారా, ఆ చిన్న స్కాన్ ఇక్కడ పనిచేసింది.

చివరికి జబ్బు ఉందా లేదా అని ఎలా తేలుస్తారు? ఒక్క పరీక్షతో తేల్చరు. 1994లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ డాక్టర్లు కొన్ని ప్రమాణాలు పెట్టారు, 2000లో, మళ్లీ 2023లో వాటిని సవరించారు. కల్చర్‌లో ఈ జబ్బు తెచ్చే బ్యాక్టీరియా రావడం, ఎకోలో కనబడడం పెద్ద గుర్తులు. ముందే గుండె లోపం ఉండడం, 38 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించిన జ్వరం, ముద్ద ముక్కలు ఎగిరి వేరే చోట ఇరుక్కున్న ఆనవాళ్లు లాంటివి చిన్న గుర్తులు. రెండు పెద్దవి, లేదా ఒక పెద్దది మూడు చిన్నవి, లేదా అయిదు చిన్నవి కలిస్తే జబ్బు ఖాయం. మీ పాప దగ్గర ఇప్పటికే రెండు చిన్నవి ఉన్నాయి. రేపో ఎల్లుండో కల్చర్ పెరిగిందంటే, ఎకో శుభ్రంగా ఉన్నా సరే, అనుమానం పోదు, పెరుగుతుంది. స్కాన్ క్లియర్ అయితే ఇంకేంటి అని అడిగిన మీవారికి నా జవాబు ఇదే, ఆ లెక్కలో స్కాన్ ఒక గడి మాత్రమే.

ఆ డాక్టరు చిన్న వయసు గురించి. నలభై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు స్టెతస్కోపు పెట్టి "వైరల్ జ్వరమమ్మా" అని మూడో సిరప్ రాసి పంపిన సందర్భాలు నేను చూశాను, సిగ్గు విడిచి చెప్పాలంటే అలా రాసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఈ అమ్మాయి తను చూసింది చెప్పింది, తన చూపు ఎక్కడిదాకా పోదో అది చెప్పింది, మందుకు ముందు రక్తం తీసింది. నా మనవరాలికి జ్వరమొస్తే ఆవిడ డ్యూటీ ఉన్న రోజే తీసుకెళ్తాను.

ఇప్పుడు మీరు చేయాల్సినవి. ఆ రెండు సిరప్‌ల సీసాలు లేదా చీటీలు డాక్టరుకు చూపించండి, పేరు, ఎన్ని రోజులు వాడారో, చివరి మోతాదు ఎప్పుడో. కల్చర్ చూసేవాళ్లకు అది చాలా అవసరం. పన్ను సంగతి చెప్పారా? నాకు చెప్పారు గానీ వాళ్లకు చెప్పలేదని నా అనుమానం, ఇప్పుడే వెళ్లి చెప్పండి. పూర్తి ఎకో ఎవరు చేస్తారు, పిల్లల గుండె డాక్టరేనా, ఎప్పుడు అని అడగండి. అందులో ఏమీ లేకపోతే రెండోది ఎప్పుడు అని కూడా ముందే అడిగి పెట్టుకోండి. కల్చర్లు సాధారణంగా కనీసం అయిదు రోజులు ఉంచుతారు, రెండో రోజే "నెగెటివ్" అని ఎవరైనా అంటే అది అప్పటిదాకా నెగెటివ్ అని.

పాప దగ్గర కూర్చున్నప్పుడు ఇవి కనిపెట్టుకుని ఉండండి: చెయ్యో కాలో బలహీనపడడం, మాట తడబడడం, ఫిట్స్, ఉన్నట్టుండి ఆయాసం, ఒక వేలు చల్లబడి నీలంగా మారడం, మూత్రం ఎర్రగా రావడం, చర్మం మీదో కంటి లోపలి అంచులోనో చిన్న ఎర్ర చుక్కలు. వీటిలో ఏది కనబడినా నర్సును పిలవండి, పొద్దున రౌండ్స్ దాకా ఆగొద్దు. వీఎస్‌డీ ఉన్న పిల్లల్లో ముద్ద తరచు కుడి వైపు ఉంటుంది కాబట్టి ముక్కలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, దగ్గు, ఛాతీలో నొప్పి వస్తే మామూలు జలుబు అని వదిలేయకండి.

జబ్బు తేలితే నరంలోకి యాంటీబయాటిక్, సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు. భయపడేంత పొడుగు, నాకు తెలుసు. ఆ ముద్ద లోపలిదాకా మందు చేరి ఆఖరి బ్యాక్టీరియా దాకా చావాలంటే అంత కావాలి. పదో రోజుకే జ్వరం పోయి పాప ఆడుకుంటుంటే ఇక చాలు అని మళ్లీ ఎవరో ఒకరు అంటారు, ఎవరో మీకు తెలుసు. వాల్వు బాగా దెబ్బతింటేనో, మందులకు లొంగకపోతేనో ఆపరేషన్ దాకా వెళ్తుంది, అది ఇప్పుడు ఆలోచించాల్సిన పని లేదు.

పళ్ల విషయం తర్వాత చూసుకోవచ్చు గానీ మర్చిపోకండి. మూసుకోని చిన్న వీఎస్‌డీ ఒక్కటే ఉన్న పిల్లలకు పళ్ల వైద్యానికి ముందు యాంటీబయాటిక్ అక్కర్లేదని 2007 నుంచి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెప్తోంది, అందుకే మీకెవరూ చెప్పి ఉండరు, వాళ్ల తప్పు కాదు. కానీ ఒకసారి ఈ జబ్బు వచ్చిందని తేలితే లెక్క మారిపోతుంది, ఆ తర్వాత జీవితాంతం పన్ను పీకించే ముందు, చిగుళ్లకు తగిలే ఏ పనికైనా ముందు ఒక మోతాదు వేసుకోవాలి. అంతకంటే రోజూ బ్రష్ చేయించడం, పుచ్చు పన్నును వదిలేయకపోవడం ఎక్కువ పని చేస్తాయి. వాపు తగ్గింది అన్నారు, పుచ్చు అలాగే ఉందా? ఉంటే ఆసుపత్రిలో ఉండగానే పళ్ల డాక్టరును పిలిపించి చూపించండి.

ఇక జెల్. స్కాన్‌లో ఎక్స్‌రేలు లేవు, ఉన్నది మనకు వినబడని శబ్దం, పాపకు ఎన్నిసార్లు ఎకో చేసినా రేడియేషన్ అన్న ప్రశ్నే రాదు. కానీ ఏడుపు మాత్రం నిజమైన సమస్యే, ఏడుస్తున్న పిల్ల ఛాతీ మీద చిత్రం సరిగ్గా రాదు, గుండె వేగం ఇంకా పెరుగుతుంది. రేపు ఎకోకు వెళ్లే ముందు జెల్ సీసాను కాసేపు గోరువెచ్చని నీళ్లలో పెట్టమని అడగండి, చాలాచోట్ల అడిగితే పెడతారు. మీరు మంచం తలవైపు కూర్చుని పాపను ఒళ్లో ఆనించుకోండి. ముందు తన బొమ్మకు స్కాన్ చేయమనండి, తర్వాత ఆ ప్రోబ్‌ను ఒక్క నిమిషం పాప చేతికి ఇమ్మనండి. తెర మీద తన గుండె తనకే కనబడుతుంటే చాలామంది పిల్లలు ఏడుపు మర్చిపోయి ప్రశ్నలు మొదలుపెడతారు.